స్నేహితులతో పజిళ్ళు సాధించేటప్పుడు ఒకరిద్దరే జవాబు చెప్పేస్తుంటే ఏం చేయాలి?

ఐదారుగురు మిత్రులు వారానికొకసారి తర్క ప్రహేళికలతో కూర్చుంటే ఒకరిద్దరే జవాబులు చెప్పేస్తున్నారనీ, మిగిలినవారు కాసేపటికే ఫోన్లు తీస్తున్నారనీ, అందరూ పాల్గొనాలంటే ఏమి చేయాలనీ మీరు అడిగారు. ఈ ఇబ్బంది మేమూ పడ్డాం, కాబట్టి మా అనుభవం చెబుతాను.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రమైన పర్లాకిమిడి. ఆదివారం సాయంత్రం ఒక మిత్రుని కిరాణా దుకాణం మేడమీద ఆరుగురం చేరతాం: ఆ దుకాణదారు, ఒక బడి పంతులు, కాలేజీలో చదివే ఆయన మేనల్లుడు, రాయగడ నుంచి బదిలీపై వచ్చిన ఒక ఒడియా మిత్రుడు, మా మరదలు, నేను.

మొదటి నెలలో తప్పు చేసినది నేనే. ఆ రోజు తీసుకున్నది టార్చి పజిల్. నలుగురు రాత్రివేళ మహేంద్రతనయ నది మీద ఒక పాత వంతెన దాటాలి అనుకోండి. ఒకే టార్చి ఉంది, అది లేకుండా ఎవరూ నడవకూడదు, వంతెన ఇద్దరికి మించి మోయదు. దాటడానికి ఒకరికి 1 నిమిషం, ఒకరికి 2, ఒకరికి 5, ఇంకొకరికి 10 నిమిషాలు పడుతుంది. ఇద్దరు కలిసి వెళితే నెమ్మదిగా నడిచేవారి సమయమే లెక్కకు వస్తుంది. మేనల్లుడు కాగితం మీద శ్రద్ధగా లెక్క వేసి, చురుకైనవాడే ప్రతిసారీ టార్చి వెనక్కి తెస్తాడు గనుక 2, 1, 5, 1, 10 కలిపి 19 నిమిషాలు అన్నాడు. అతని మాట పూర్తి కాకముందే నేను 17 అనేశాను. 1, 2 నిమిషాలవారు ముందు దాటి, 1 వెనక్కి వచ్చి, 5, 10 నిమిషాలవారు కలిసి దాటి, అవతల ఉన్న 2 టార్చితో తిరిగి వచ్చి, చివరికి ఆ ఇద్దరూ మళ్ళీ కలిసి దాటితే 2, 1, 10, 2, 2 అవుతుందని వివరించాను కూడా. అందరూ బాగుందన్నారు. ఆ కుర్రవాడు మాత్రం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, తరువాతి రెండు ఆదివారాలు రాలేదు.

19 అన్నది ఆలోచన లేని జవాబు కాదు. ఆ పజిల్ చూసిన వారెవరైనా మొదట నడిచే దారి అదే. చురుకైనవాడే ప్రతిసారీ టార్చి తేవాలని ఎవరు చెప్పారని అతన్ని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకుని ఉంటే, 17 అతని నోటి నుంచే వచ్చి ఉండేది. ఆ విషయం నన్ను చాలాకాలం బాధించింది. నేనే వాళ్ళ ఇంటికి వెళ్ళి అతన్ని పిలుచుకు వచ్చాను.

అప్పటి నుంచి మాకు ఒక కట్టుబాటు ఉంది. జవాబు తట్టినవారు దానిని చెప్పరు, తమ కలం మూసి ముందు పెడతారు. ఆ తరువాత వారికి ప్రశ్నలు అడిగే హక్కు మాత్రమే ఉంటుంది, అదీ మిగిలినవారు కోరితేనే. పజిల్ ముందే తెలిసినవారు ఆ సంగతి మొదటే ఒప్పుకొని, ఆ పూటకు ఆడించేవారుగా మారతారు. ఈ ఒక్క ఏర్పాటుతోనే సగం చిక్కు విడిపోయింది.

మిగిలిన సగానికి చేతికి పని ఇచ్చే పజిళ్ళు కావాలి. పన్నెండు నాణేల లెక్క మీరు వినే ఉంటారు: 12 నాణేలలో ఒకటి దొంగది, అది బరువెక్కువో తక్కువో తెలియదు, మూడు తూకాలలో దానిని పట్టుకొని ఎక్కువో తక్కువో కూడా చెప్పాలి. మా దుకాణదారు అటక మీద నుంచి తండ్రిగారి నాటి తక్కెడ దింపాడు. 12 అగ్గిపెట్టెలలో కందిపప్పు నింపి, పదకొండింటిని సరిసమానంగా తూచి, ఒకదానిలో మాత్రం తేడా చేసి, మీద అంకెలు వేసి తెచ్చాడు. కాగితం మీద ఈ పజిల్‌ను రెండుసార్లు వదిలేసినవారు కూడా తక్కెడ ముందుకు రాగానే మోకాళ్ళ మీద కూర్చున్నారు.

మొదట ఆరు ఇటు, ఆరు అటు వేద్దామన్నారు. పంతులుగారు ఆపి, లెక్క పెట్టి చూద్దామన్నారు. పన్నెండు పెట్టెలలో ప్రతిదీ ఎక్కువ కావచ్చు, తక్కువ కావచ్చు, కాబట్టి అవకాశాలు 24. ఒక్కో తూకం మూడే మాటలు చెప్పగలదు: ఎడమకు మొగ్గు, కుడికి మొగ్గు, సమానం. మూడు తూకాలు 27 రకాలుగా, రెండు తూకాలు 9 రకాలుగా మాత్రమే మాట్లాడగలవు. ఆరు, ఆరు వేస్తే తక్కెడ ఎటు మొగ్గినా 12 అవకాశాలు మిగులుతాయి, రెండు తూకాలకు అవి లొంగవు. ఐదు, ఐదు వేసి మొగ్గితే 10 మిగులుతాయి. మూడు, మూడు వేసి సమానమైతే బయటి ఆరు పెట్టెలకు 12 మిగులుతాయి. నాలుగు, నాలుగు వేస్తేనే ఏ ఫలితం వచ్చినా 8 మిగులుతాయి. జవాబు ఇంకా దొరకకపోయినా, తప్పుదారులన్నీ ఎందుకు తప్పో అందరికీ కళ్ళ ముందు కనిపించింది. తర్కంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే.

1, 2, 3, 4 ఒక వైపు, 5, 6, 7, 8 రెండో వైపు వేశాం. 1, 2, 3, 4 ఉన్న పళ్ళెం కిందికి దిగింది. తరువాత ఏమి చేయాలో అరగంట ఎవరికీ తోచలేదు, ఎందుకంటే బరువైన వైపు పెట్టెలను అందరూ ఒక గుంపుగానే చూస్తున్నారు. మా మరదలు 5వ పెట్టె చేతిలోకి తీసుకొని, దీనిని ఆ పళ్ళెంలోకి మారిస్తే ఏమవుతుందని అడిగింది. మేనల్లుడు వెంటనే 1, 2, 5 ఒక వైపు, 3, 4, 6 రెండో వైపు పెట్టి, 7, 8 పక్కన ఉంచాడు. 1, 2, 5 వైపు దిగితే 1 గానీ 2 గానీ ఎక్కువ బరువైనా కావాలి, లేదా 6 తక్కువదైనా కావాలి. 1ని 2తో తూచితే తేలిపోతుంది. రెండో వైపు దిగితే 3, 4, 5 మీద అదే పరీక్ష. సమానమైతే 7, 8 తూచాలి, పైకి లేచినదే తేడా పెట్టె. మొదటి తూకమే సమానమైతే 9, 10, 11లను మంచివని తేలిన మూడింటితో తూచాలి. ఆ రోజు తేడా పెట్టె 6. అందులో పప్పు తక్కువ ఉంది.

ఐదు ఇళ్ళ పజిల్‌ను కూడా ఇలాగే అందరిదీ చేయవచ్చు. ఐదు ఇళ్ళలో ఏ దేశంవారు ఎక్కడ ఉంటారో సూచనలను బట్టి తేల్చే పజిల్ అది. దానిని ఐన్‌స్టీన్ రాశాడని చెప్పుకుంటారు గానీ అందుకు ఆధారం లేదు. 1962లో లైఫ్ ఇంటర్నేషనల్ పత్రికలో అచ్చయింది. మేము దేశాలకు బదులు గుణుపురం, టెక్కలి, బరంపురం వంటి ఊళ్ళు పెట్టి సొంతంగా రాసుకుంటాం. సూచనలన్నీ ఒకే కాగితం మీద ఉంటే చురుకైనవారు దానిని లాక్కుంటారు. కాబట్టి చీటీలుగా కత్తిరించి తలా రెండు మూడు పంచుతాం. ఎవరి చీటీ వారు చదివి వినిపించవచ్చు గానీ ఇతరులకు చూపకూడదు. అప్పుడు ఎంత మౌనంగా ఉండేవారైనా నోరు విప్పక తప్పదు, మిగిలినవారు వినక తప్పదు.

భాష గురించి కూడా ఒక మాట చెప్పాలి, మా వంటి సరిహద్దు ఊళ్ళలో ఇది ముఖ్యం. కిటకిట తలుపులు కిటారి తలుపులు అనే పొడుపు కథ మాకు ఎంత ఇష్టమైనా, ఒడియా మిత్రునికి అనువదించి చెబితే అందులో రుచి మిగలదు. అయితే పాతకాలపు తెలుగు గణిత కవి పావులూరి మల్లన పద్యంగా ప్రసిద్ధమైన చదరంగపు గళ్ళ లెక్క ఇచ్చినప్పుడు అతడే అందరికంటే ముందున్నాడు. శర, శశి, షట్క, చంద్ర అంటూ సాగే ఆ మాటలు ఒక్కొక్కటీ ఒక అంకె: శర 5, శశి 1, షట్క 6, చంద్ర 1. సంస్కృత పదాలు గనుక అవి ఒడియాలోనూ చెల్లుతాయి. కుడి నుంచి ఎడమకు రాసుకుంటూ పోతే 18446744073709551615 వస్తుంది, అంటే మొదటి గడిలో ఒక గింజ పెట్టి 64 గళ్ళ వరకు రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తం. మీ బృందంలో వేరే మాతృభాషవారు ఉంటే, వారు గడప దగ్గరే ఆగిపోయే పజిళ్ళు ఎంచుకోకండి.

ఒక పూటకు రెండు పజిళ్ళు చాలు. తేలనిది తరువాతి వారానికి వాయిదా వేయండి, ఈలోగా ఎవరూ ఫోనులో వెతకకూడదని మాట తీసుకోండి. ముందే జవాబు చెప్పేస్తున్న మీ మిత్రులిద్దరినీ దూరం పెట్టకండి, వచ్చే వారం అగ్గిపెట్టెలు నింపి తెచ్చే పని వారికి అప్పగించండి. ఏ పెట్టెలో తేడా ఉందో వారికి ముందే తెలుసు గనుక, మిగిలినవారు ఎలా ఆలోచిస్తున్నారో వినడం తప్ప ఆ పూట వారికి వేరే పని ఉండదు.