మా తెలుగు క్రైస్తవ సంఘం ఒక శరణార్థి కుటుంబాన్ని కెనడాకు స్పాన్సర్ చేయాలనుకుంటోంది. డబ్బు ఎంత, పని ఎంత, వాళ్ళు వేరే మతమైతే ఇబ్బందా?

వందనాలండీ. మూడు ప్రశ్నలు అడిగారు కాబట్టి కాస్త పెద్ద జవాబే రాస్తున్నాను. ఒంటారియోలో మేం వెళ్ళే బాప్టిస్టు సంఘం 2016లో ఒక సిరియా కుటుంబాన్ని తీసుకొచ్చింది. భార్యాభర్తలు, నలుగురు పిల్లలు. ఆ కమిటీలో నేనూ మా ఆవిడా ఉన్నాం. మా సంఘంలో తెల్లవాళ్ళే ఎక్కువ, తెలుగువాళ్ళవి రెండు మూడు ఇళ్ళు. మాది కాకినాడ. 1874లో కెనడా బాప్టిస్టు మిషనరీ మెక్లారిన్ మా ఊరొచ్చి పని మొదలుపెట్టాడు, ఆయన పేరుతో హైస్కూలు కూడా ఉంది. ఆ సంగతి చెప్పగానే కమిటీలోకి లాగేశారు, తప్పించుకునే వీలు లేకపోయింది.

ముందు దారి సంగతి. ఇక్కడ చర్చిలు, మామూలు జనం సొంత ఖర్చుతో శరణార్థులను తెచ్చుకోవడం 1979లో, వియత్నాం నుంచి పడవల్లో పారిపోయినవాళ్ళ కాలంలో ఊపందుకుంది. ప్రభుత్వంతో ముందే ఒప్పందం ఉన్న సంస్థల్ని స్పాన్సర్‌షిప్ అగ్రిమెంట్ హోల్డర్లు అంటారు. వాటిలో చాలావరకు చర్చి సమాఖ్యలే. ఐదుగురు కలిసి చేసే 'గ్రూప్ ఆఫ్ ఫైవ్' పద్ధతి కూడా ఉంది కానీ, 2024 నవంబరు చివర్లో ప్రభుత్వం ఆ పద్ధతిలో కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపేసింది. ఈ రూల్స్ మారుతూనే ఉంటాయి, ఇమిగ్రేషన్ వాళ్ళ సైటు చూడండి. చిన్న సంఘానికి ఏదో ఒక హోల్డర్ కింద చేరడమే మంచిది. కాగితాల పనిలో సగం టెన్షన్ వాళ్ళే పడతారు.

డబ్బు లెక్క ఇలా ఉంటుంది. వాళ్ళు దిగిన రోజు నుంచి పన్నెండు నెలలు, లేదా తమ కాళ్ళ మీద తాము నిలబడేదాకా, ఇంటి అద్దె, తిండి, బట్టలు, బస్సు పాసు మీ బాధ్యత. మీ ప్రావిన్సులో ప్రభుత్వ సహాయం మీద బతికే కుటుంబానికి ఎంత ఇస్తారో కనీసం అంతైనా ఇవ్వాలి. దాని మీద ఇల్లు సర్దిపెట్టే ఖర్చు అదనం. మాది ఐక్యరాజ్యసమితి పంపిన కేసు కాబట్టి ఆరు నెలల భత్యం ప్రభుత్వం పెట్టుకుంది. మీరు ఫలానా కుటుంబమే కావాలని పేరుపెట్టి అడిగితే మొత్తం మీదే, ఎదురుచూపు కూడా ఏళ్ళ మీద ఉంటుంది. ఆ ఏడాది మాత్రం డబ్బుకు కొరత రాలేదు. సముద్రంలో మునిగి చనిపోయి ఒడ్డుకు కొట్టుకొచ్చిన అలన్ కుర్దీ అనే సిరియా పసివాడి ఫొటో చూసినవాళ్ళు అడక్కుండానే చెక్కులు రాసిచ్చారు.

ఇల్లు దొరకడమే కష్టం. క్రెడిట్ హిస్టరీ లేదని ఓనర్లు వెనకాడతారు, సంఘంలో ఎవరో ఒకరు హామీ సంతకం పెట్టాల్సిందే. సామాన్లకు లోటుండదు, వద్దన్నా వచ్చి పడతాయి. పరుపులు మాత్రం కొత్తవే కొనండి, నల్లుల బెడద మామూలుగా ఉండదు.

దిగాక మొదటి వారాల్లో సిన్ నంబరు (ఉద్యోగానికీ ప్రభుత్వ పనులకూ కావాల్సిన గుర్తింపు సంఖ్య), బ్యాంకు ఖాతా, హెల్త్ కార్డు, బడి, పిల్లల భత్యానికి దరఖాస్తు. పగటిపూట ఖాళీగా ఉండి కారు నడిపేవాళ్ళు కమిటీలో ఇద్దరైనా లేకపోతే ఈ పని సాగదు. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళమే ఉంటే మొదటి నెలలోనే చేతులెత్తేస్తాం.

భాష దగ్గర మాకు అనుకోని సాయం దొరికింది. కోనసీమ నుంచి కువైట్ వెళ్ళి చాలా ఏళ్ళు ఇళ్ళల్లో పనిచేసిన ఒక పిన్నిగారు కూతురి దగ్గరికి వచ్చి ఉన్నారు. ఇంగ్లీషు రాదు, అరబ్బీ మాత్రం గలగలా మాట్లాడతారు. గల్ఫ్ యాస, సిరియా యాస ఒకటి కాకపోయినా కూరగాయల కొట్టు, పిల్లల జ్వరం దాకా ఇబ్బంది లేకుండా నడిచింది. పిల్లలు ఆవిడను 'తేతా' అనేవాళ్ళు, అంటే అమ్మమ్మ. మీ దగ్గరా గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళు ఉంటారు, వెతకండి. డాక్టరు దగ్గరికి, కాగితాల పనులకు మాత్రం వృత్తిగా చేసే దుబాసీనే పిలవండి. పదేళ్ళ పిల్లాడు తల్లి రోగం గురించి డాక్టరుకు చెప్పే పరిస్థితి రానీయకండి.

ఇక అసలు కష్టం. మనవాళ్ళకు ప్రేమ ఎక్కువైతే పెత్తనం కూడా వస్తుంది. తెల్లవాళ్ళూ ఇందులో తక్కువేం తినలేదు. రెండో నెలలో ఆ కుటుంబం పెద్ద టీవీ కొనుక్కుంది. "మన కానుకల డబ్బుతో టీవీలా?" అని కమిటీలో ఒక పెద్దాయన లేచారు. పాస్టరుగారు ఒకే ప్రశ్న వేశారు: "మీ జీతంతో మీరేం కొంటున్నారో మీ ఆఫీసువాళ్ళు అడుగుతారా?" చలికాలం, బయటికెళ్ళలేరు, భాష రాదు. ఆ ఇంట్లో అరబ్బీ వినపడేది ఆ టీవీలోనే. తర్వాత పిల్లల భత్యం రావడం మొదలవగానే మనమిచ్చేది తగ్గించొచ్చుగా అని మరొకరు. అలా కుదరదు. ఆ డబ్బు పిల్లలది, దాన్ని చూపించి మనమిచ్చేది కోయకూడదని నిబంధనల్లోనే ఉంది. ఖర్చయినదాన్ని తిరిగి కట్టమని అడగడమూ కుదరదు. ఇంటి తాళంచెవి ఒకటి కమిటీ దగ్గర ఉంచుకుందామన్న మాట కూడా వచ్చింది, దాన్ని మా ఆవిడ అక్కడికక్కడే కొట్టేసింది.

మతం గురించి. వాళ్ళు ముస్లింలు. ఆరాధనకు రావాలని షరతు పెట్టకూడదు, పరోక్షంగా కూడా. వాళ్ళు మొహమాటంతో రెండు ఆదివారాలు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. మీరు రానక్కర్లేదని పాస్టరుగారే దుబాసీతో చెప్పించి, శుక్రవారం మసీదుకు తీసుకెళ్ళడానికి ఒకరిని కుదిర్చారు. ఇది సువార్తకు ద్రోహమని సణిగినవాళ్ళు ఉన్నారు. నా మటుకు, తిండి చేతిలో పెట్టి బాప్తిస్మం అడగడంకంటే ద్రోహం లేదు. మన ఊళ్ళో 'బియ్యం క్రైస్తవులు' అన్న ఎత్తిపొడుపు వింటూ పెరిగినవాళ్ళకు ఇది వేరే చెప్పాలా? ఆ జూన్‌లో రంజాన్ వచ్చింది. ఇక్కడ వేసవి పగలు చాలా పొడుగు, దాదాపు పదిహేడు గంటల ఉపవాసం. ఇఫ్తార్‌కు మమ్మల్ని పిలిచి మక్లూబా (మాంసం, కూరగాయలు, అన్నం కలిపి వండే వంటకం) వండిపెట్టారు. వాళ్ళకే లేదు, మనం తినడమేంటని కొందరు వెళ్ళలేదు. అలా చేయకండి, పిలిస్తే వెళ్ళి కడుపునిండా తినండి.

ఆ ఇంటాయన తాపీమేస్త్రీ. ముందు ఇంగ్లీషు క్లాసులు పూర్తిచేయమని కమిటీ, వెంటనే పని కావాలని ఆయన. అరబ్బీ మాట్లాడే కాంట్రాక్టరు దగ్గర చేరి, సాయంత్రం క్లాసులకు వెళ్ళారు. ఆయన తీర్పే సరైనదని ఇప్పుడు నేనంటాను.

పన్నెండు నెలలయ్యాక మనమిచ్చే డబ్బు ఆగుతుంది. అప్పటికి ఉద్యోగం లేకపోతే ప్రభుత్వ సహాయానికి దరఖాస్తు చేస్తారు, వాళ్ళు పర్మనెంట్ రెసిడెంట్లు కాబట్టి అందులో తప్పేం లేదు. మావాళ్ళు ఆ అవసరం లేకుండానే బయటపడ్డారు, కానీ ఏడాది తిరిగిన కొన్నాళ్ళకే బంధువులున్నారని టొరంటో పక్కనున్న మిసిసాగా వెళ్ళిపోయారు. ఇంత చేస్తే వెళ్ళిపోయారే అని సంఘంలో చాలామంది నొచ్చుకున్నారు. మీ వాళ్ళకు ఈ సంగతి డబ్బు పోగు చేయకముందే చెప్పి ఉంచండి.

మీ సంఘం ఏ సమాఖ్య కిందికి వస్తుందో రాయండి. మన తెలుగు సంఘాలు చాలావరకు ఇండిపెండెంట్ కదా, మీదీ అంతే అయితే దగ్గర్లో హోల్డర్ ఉన్న మరో చర్చితో కలిసి చేయాల్సి వస్తుంది. అది ఎలాగో విడిగా చెప్తాను.