పాత థార్‌కు టైర్లు: పదహారా, పద్దెనిమిదా?

ప్రశ్న: మాది చింతపల్లి. గవర్నమెంటు టీచర్ని. నెలకు అన్నీ పోను 12,000 మిగులుతుంది. 2011 నవంబరులో రిజిస్టరైన థార్ సీఆర్‌డీఈ ఉంది, ఏడాదికి 9,000 కిలోమీటర్లు తిరుగుతుంది. టైర్లు 2018వి, గ్రిప్ ఇంకా ఉంది గానీ వానలో లంబసింగి ఘాట్ దిగేటప్పుడు జారుతోంది. వైజాగ్‌లో ఒక షాపువాళ్లు 18 ఇంచీల అల్లాయ్స్, 255/60 టైర్లు కలిపి 1,48,000 అన్నారు. 15 శాతం వడ్డీకి రెండేళ్ల ఈఎంఐ ఇస్తారట. కంపెనీ సైజు 235/70 ఆర్16 అయితే టైరు 9,000. సేవింగ్స్‌లో 85,000 ఉన్నాయి, జూన్‌లో అమ్మాయి ఇంటర్ ఫీజు 60,000 కట్టాలి. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, పదహారే. కంపెనీ సైజే, స్టెప్నీతో కలిపి నాలుగు కాదు అయిదు టైర్లు, అప్పు లేకుండా, ఈ నెలలోనే కొనేయండి. ఎందుకో చెప్తాను.

ముందు మీరు ఉత్తరంలో అసలు ప్రస్తావించని విషయం ఒకటుంది. మీ బండికి 2026 నవంబరుతో 15 ఏళ్లు నిండుతాయి. అంటే ఆర్‌సీ రెన్యువల్. ఫారం 25 పెట్టాలి, బండిని తనిఖీకి తీసుకెళ్లి చూపించాలి, ఫీజు 5,000, గ్రీన్ ట్యాక్స్ వేరే. అన్నీ బాగుంటే మరో అయిదేళ్లు ఇస్తారు. ఇప్పుడు ఆలోచించండి, ఇంకో ఎనిమిది నెలల్లో ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడాల్సిన బండికి కంపెనీ ఇవ్వని సైజు చక్రాలు ఎక్కించి లక్షన్నర పెడతారా? మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా రాసి ఉంది. అల్లాయ్స్ వేసినందుకు ఎవర్నో జైల్లో పెట్టారని నేను ఎక్కడా వినలేదు లెండి, కానీ "ఒరిజినల్ వీల్స్ వేసుకుని మళ్లీ రండి" అంటే చాలు, చింతపల్లి నుంచి ఇంకోసారి దిగాలి, పాత రిమ్ములు అప్పటికే షాపువాడికి ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి ఉంటారు.

ఇక డబ్బు లెక్క. 1,48,000కి 15 శాతం మీద 24 నెలలంటే ఈఎంఐ దాదాపు 7,180. మొత్తం కట్టేది 1,72,000 పైనే, అందులో 24,000 వడ్డీ. మీకు నెలకు మిగిలే 12,000లో సగానికి పైగా రెండేళ్లపాటు చక్రాలకే పోతుంది. కంపెనీ సైజు అయిదు టైర్లు 45,000. ఏడాదికి 9,000 చొప్పున అయిదేళ్లు తిరిగితే 45,000 కిలోమీటర్లు, అంటే కిలోమీటరుకి రూపాయి. అల్లాయ్స్ లెక్కలో అదే కిలోమీటరు 3 రూపాయల 80 పైసలు. అల్లాయ్స్ ఆ తర్వాత కూడా ఉంటాయి కదా అంటారేమో, ఉంటాయి, కానీ పదిహేనేళ్ల బండిని కొనేవాడు మీ అల్లాయ్స్ చూసి లక్ష ఎక్కువ ఇవ్వడు. "బండి ఎత్తు కూడా పెంచారా, బాగా తోలేసినట్టున్నారే" అని ఇంకో పదివేలు తగ్గిస్తాడు.

మీరు పంపిన కొటేషన్ ఫొటో మళ్లీ చూడండి. అల్లాయ్స్ 4, టైర్లు 4. మరి స్టెప్నీ? వెనక డోరుకి వేలాడేది పాత 16 ఇంచీల చక్రమే. మామూలు కారుకైతే ఎలాగోలా పంక్చర్ షాపు దాకా లాక్కుపోవచ్చు. మీది ఫోర్ బై ఫోర్. మూడు చక్రాలు ఒక సైజు, నాలుగోది ఇంకో సైజు పెట్టుకుని 4 హైలో (ఇంజన్ శక్తి నాలుగు చక్రాలకీ వెళ్లే గేరు) వేస్తే ఆ తేడా అంతా ఆ శక్తిని చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద, డిఫరెన్షియల్ మీద పడుతుంది. బురదలో ఇరుక్కున్నప్పుడే కదా మనకు 4 హై గుర్తొచ్చేది! కాబట్టి అయిదోది కూడా కొనాలి, అదే ధరన ఇంకో 37,000. షాపువాడు ఈ మాట మీకు చెప్పి ఉండడు.

సైజు సంగతి కూడా లెక్క కట్టాను. 235/70 ఆర్16 ఎత్తు 735 మిల్లీమీటర్లు, 255/60 ఆర్18 ఎత్తు 763. దాదాపు 4 శాతం తేడా. మీటరు 80 చూపిస్తే బండి 83లో ఉంటుంది, వంద కిలోమీటర్లు వెళ్తే మీటరులో 96 తిరుగుతుంది. రెండు నెలలయ్యాక "మైలేజీ పడిపోయింది" అని మెకానిక్ దగ్గరికెళ్లి ఇంజెక్టర్లు విప్పించేవాళ్లను చూశాను. ఎత్తు పెరిగినా సైడ్‌వాల్ (రిమ్ము అంచు నుంచి రోడ్డు దాకా ఉండే రబ్బరు) మాత్రం 164 నుంచి 153 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. కాఫీ తోటల దారిలో రాయి తగిలితే దెబ్బ ముందు రిమ్ముకే. ఇనుప రిమ్ము వంగితే కొట్టించుకోవచ్చు, అల్లాయ్ పగిలితే కొత్తది కొనడమే.

ఇన్సూరెన్స్‌లో వస్తుందిలే అనుకోకండి. ఒక్క టైరే పగిలి బండికి ఇంకేమీ కాకపోతే పాలసీ ఏమీ ఇవ్వదు. బండీ టైరూ కలిసి దెబ్బతింటేనే, అదీ టైరు ఖరీదులో సగం. పాలసీలో రాయించని అల్లాయ్స్‌కి క్లెయిమ్ అడిగితే వాదనలే మిగులుతాయి.

గ్రిప్ ఉన్నా జారుతోందన్నారు. అది వయసు. 2018 టైరంటే ఎనిమిదో ఏడు, రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. అయిదేళ్లు దాటితే ఏటా చూపించుకోవాలి, చూడ్డానికి బాగున్నా పదేళ్లకు మించి వాడకూడదు. కొత్తవి కొనేటప్పుడూ ఇదే చూడాలి. నేను ఒకసారి మా బొలెరోకి డిస్కౌంట్ అన్నారని రెండు టైర్లు ఎక్కించుకుని ఇంటికొచ్చాను, సాయంత్రం కడుగుతుంటే సైడ్‌వాల్ మీద చివరి నాలుగు అంకెలు కనిపించాయి. 1419. అంటే 2019లో 14వ వారం. నేను కొన్నది 2022లో! షాపువాడు "బిగించాక వెనక్కి తీసుకోం సార్" అన్నాడు. మీరు రిమ్ముకి ఎక్కించకముందే సెల్‌ఫోను లైటు వేసుకుని అయిదింటికీ చదవండి, ఆరు నెలలు దాటినవి వద్దనండి. అలాగే పాత టైరు మీద సైజు పక్కనే లోడ్ ఇండెక్స్ ఉంటుంది, ఒక్కో టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె, 105 అంటే 925 కిలోలు. దానికంటే తక్కువ అంకె ఉన్నది చవగ్గా వచ్చినా తీసుకోకండి.

రకం విషయానికొస్తే, ఎంటీ టైర్లు, అంటే బురద కోసం చేసినవి, ఫొటోల్లో బాగుంటాయి, తారు రోడ్డు మీద హోరు పెడతాయి, తడి ఘాట్ మీద బ్రేకు వేసినప్పుడు నమ్మకం ఉండదు. మీరు తిరిగేది ఎక్కువగా నర్సీపట్నం రోడ్డే కాబట్టి రోడ్డుకీ మట్టికీ రెండింటికీ పనికొచ్చే ఒక మాదిరి ఏటీ చాలు.

ఫీజు సంగతి. 85,000లో టైర్లు, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్, కొత్త వాల్వులు కలిపి 47,500 పోతే 37,500 మిగులుతుంది. ఇప్పుడు మార్చి, జూన్ లోపు మూడు జీతాలు, 36,000 చేరుతుంది. 73,500 చేతిలో ఉంటుంది, 60,000 ఫీజు కట్టేయొచ్చు. చేతిలో 13,500 మాత్రమే మిగలడం నాకూ ఇష్టం లేదు, కానీ ఈఎంఐ లేదు కాబట్టి నవంబరుకల్లా మళ్లీ 60,000 చేరుతుంది, ఆర్‌సీ ఖర్చు అందులోంచే తీయండి. అది అయ్యాక నెలకు 1,500 రికరింగ్ డిపాజిట్ బండి పేరు మీద పెట్టండి, ఆ వయసు థార్‌కి క్లచ్చో బుష్‌లో ఎప్పుడో ఒకప్పుడు అడుగుతాయి.

షాపులో బిల్లు మీద పన్ను విడిగా రాయించుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 కాదు, 18 శాతమే. పాత టైర్లు ఊరికే వదిలేయకుండా ఎక్స్ఛేంజ్ ఎంతిస్తారో అడగండి, ఏమీ రాకపోతే ఇంటికి తెచ్చుకోండి, అరుగు పక్కన మొక్కలకైనా పనికొస్తాయి.