కాళ్లు లేని దెయ్యానికి బూట్లెందుకు

అమ్మాయ్,

నీ మెయిల్ వచ్చి పదిహేను రోజులైంది, ఇన్నాళ్లూ జవాబు రాయంది బద్ధకంతో కాదు, కోపంతో. నువ్వు పంపిన పన్నెండు పేజీల దెయ్యం కథలో ఏడో పేజీకే అయిదుగురి గొంతులు కోయించావు, ఇంకెవరూ మిగల్లేదని చివర్లో స్కూలు వాచ్‌మన్‌ని కూడా లాక్కొచ్చి చంపావు, పాపం వాడేం చేశాడు? మూసి పారేద్దామనుకున్నా గానీ మూడో పేజీలో ఒక వాక్యం నన్ను పట్టుకుంది.

చచ్చిపోయి మూడేళ్లయిన పిల్ల అర్ధరాత్రి ఇంటికొచ్చి, గుమ్మంలో బూట్లు విప్పి, వాటి మొహం వీధివైపు తిప్పి సర్దిపెట్టి లోపలికెళ్తుంది. జపాన్ ఇళ్లల్లో గెన్‌కాన్ దగ్గర, అంటే గుమ్మంలో బూట్లు విప్పే చోట, పిల్లలకి అలాగే నేర్పుతారు, నువ్వెక్కడ చూశావో గానీ బాగా పట్టుకున్నావు. పైగా తెలిసి రాశావో తెలీక రాశావో, అక్కడి బొమ్మల్లో దెయ్యాలకి కాళ్లుండవు. 18వ శతాబ్దంలో మరుయమ ఓక్యో అనే చిత్రకారుడు నడుం కింద పొగలా కరిగిపోయే ఆడమనిషిని గీశాడు, ఆ పద్ధతి ఆయనతోనే మొదలైందని చెప్పుకుంటారు. మరి కాళ్లే లేని పిల్లకి బూట్లెందుకు? విప్పకపోతే అమ్మ తిడుతుందని! అదీ కథ. అక్కడ నాకు గొంతు పట్టేసింది. పేజీ తిప్పితే కత్తి. ఛీ.

నువ్వు చూశానన్న యానిమేల, అదే జపాన్ కార్టూన్ల, లిస్టులో మోనోనోకే లేదు. మియజాకి తీసిన ప్రిన్సెస్ మోనోనోకే సినిమా కాదు, ఇది వేరే, 2007లో తోయెయ్ స్టూడియో వాళ్లు తీసిన 12 ఎపిసోడ్ల సిరీస్, డైరెక్టర్ నకమురా కెంజి. మా అబ్బాయి హార్డ్‌డిస్క్‌లో కనపడితే బొమ్మలేగా అని పెట్టా, రాత్రి రెండింటి దాకా లేవలేదు. అందులో మందులమ్ముకునేవాడొకడు ఉంటాడు, వాడి దగ్గరో కత్తి, అది వాడికి ఇష్టమొచ్చినప్పుడు ఒరలోంచి రాదు. ముందు దెయ్యం రూపం తెలియాలి, తర్వాత అసలేం జరిగిందో, ఆ తర్వాత ఎవరి కడుపులో ఏం కుమిలి అది పుట్టిందో తెలియాలి, కటాచి, మకోతో, కోతోవారి అంటాడు, ఆ మూడూ తేలేదాకా ఎదురుగా మనుషులు చస్తున్నా సరే కత్తి కదలదు. నేను ముప్పై ఏళ్లుగా నెత్తీనోరూ కొట్టుకుని చెప్తున్నది ఇదే, దెయ్యం బాధేంటో తెలీకుండా దాని చేతికి కత్తివ్వకండ్రా అని.

మొదటి కథే చూడు. వానలో కడుపుతో ఉన్న ఆడమనిషి సత్రానికొస్తుంది, గదుల్లేవంటారు, బతిమాలితే ఎవరికీ ఇవ్వని పైగది ఇస్తారు. అక్కడ జషికి వరషి ఉన్నాయి, అంటే చిన్నపిల్లల రూపంలో ఇళ్లల్లో ఉండే దెయ్యాలు. జపాన్ పల్లెల నమ్మకం ప్రకారం ఇవి ఇంట్లో ఉంటే కలిసొస్తుంది, 1910లో యనగిత కునియో అచ్చేసిన తోనో ప్రాంతపు కథల్లో కూడా వీటి ముచ్చట ఉంది. అలాంటి మంచి దెయ్యాలు ఇక్కడెందుకు భయపెడుతున్నాయంటే, ఆ సత్రం ఒకప్పుడు సానికొంప, అక్కడి ఆడవాళ్లకి తీయించేసిన పిల్లలే ఇవి. వాటికి కావాల్సింది పగ కాదమ్మా, ఒక అమ్మ. పుట్టాలనుంది, అంతే. నాకు భయమేసిందా ఏడుపొచ్చిందా అంటే ఇప్పటికీ చెప్పలేను.

అందులోనే నొప్పెరబో అని ఇంకోటుంది, అంటే మొహం లేని దెయ్యం. ఓచో అనే కోడలు అత్తింటి వాళ్లందర్నీ చంపానని ఒప్పుకుని మరణశిక్షకి ఎదురుచూస్తుంటుంది. మందులవాడు తవ్వుకుంటూ పోతే తేలిందేంటంటే ఆమె చంపింది వాళ్లని కాదు, తన మనసునే. పెద్దింట్లో ఇవ్వాలని వాళ్లమ్మ చిన్నప్పట్నుంచీ మర్యాదలు నూరిపోసింది, చివరికి వంటగదీ, దాని కిటికీ, పిలుపులూ మిగిలాయి. ఇది చూశాక నీ కథలో ఆ బూట్లు మళ్లీ చదివా. వాటిని సర్దమని నేర్పిన అమ్మ కూడా ఉంది కదా, ఆమెని మొత్తం కథలో ఒక్కసారి కూడా కనపడనివ్వలేదేం?

నా గోడు కూడా విను. మొదట్లో ఒక కథ రాశా, పోయిన నాయనమ్మ రోజూ రాత్రి వచ్చి నీళ్లబిందె మీద మూత ఉందో లేదో చూసుకుని పోతుంది, అంతే కథ. ఒక వారపత్రిక ఎడిటర్ ఎర్రసిరాతో "దెయ్యం ఏదీ?" అని రాసి తిప్పిపంపాడు. ఇంకోచోట వేశారు గానీ ఆఖరి పేరా వాళ్లే మార్చేశారు, నాయనమ్మ కోడల్ని బావిలో తోసేస్తుంది, పక్కన కోరలతో జుట్టు విరబోసుకున్న బొమ్మ. మా అమ్మ చూసి "మీ నాయనమ్మ నన్ను ఒక్కమాట అనలేదురా" అని మూడ్రోజులు నాతో మాట్లాడలేదు. 40 రూపాయలిచ్చారు, అదీ ఎనిమిది నెలలకి. ఆ ఎడిటర్లు పోయారనుకుంటే ఇప్పుడు రీల్స్ వాళ్లొచ్చారు, మూడు సెకన్లకోసారి ఉలిక్కిపడాలట, వీళ్లకంటే వాళ్లే నయం, కనీసం స్టాంపులు అంటించి తిప్పిపంపేవాళ్లు.

కలం పేరు, మాంగా (జపాన్ బొమ్మల కథలు) ఆర్టిస్టు, యూట్యూబ్‌లో చదివించడం, ఇంకేవో అడిగావు, అవన్నీ తర్వాత.

నాలుగో పేజీ నుంచి చింపెయ్. వాచ్‌మన్‌ని ఇంటికి పంపు. తెల్లారాక వాళ్లమ్మ లేచి తలుపు తీయడానికి గుమ్మంలోకి వస్తుంది కదా, అక్కడ ఆ బూట్లు ఉన్నాయా లేవా, ఉంటే ఆమె వాటిని ఏం చేస్తుంది? అది రాసి పంపు, ఒక్క పేజీ చాలు.

బాబాయ్