గాడి తప్పని కారు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో స్లాట్ కార్ల డ్రాగ్ రేసింగ్ గురించి నాలుగు ముక్కలు రాశాను. వచ్చిన ఉత్తరాలు చూసి చాలా సంతోషమేసింది. ఆ సంచిక చూడనివాళ్ల కోసం ఒక్క మాట. అరచేతిలో పట్టేంత మోడల్ కారు, దాని అడుగున గైడ్ అనే చిన్న రెక్క, ఆ రెక్క దిగడానికి ట్రాక్‌లో తిన్నగా కోసిన గాడి, గాడికి రెండు పక్కలా కరెంటు మోసే రాగి అల్లిక. కారులో బ్యాటరీ ఉండదు, స్టీరింగ్ ఉండదు, మన చేతిలో ట్రిగ్గర్ ఉన్న కంట్రోలర్ ఒక్కటే. డ్రాగ్ స్ట్రిప్‌లో మలుపులు కూడా ఉండవు, పక్కపక్కనే రెండు గాడులు, పచ్చలైటు వెలిగాక ఎవరు ముందు కొసకు చేరితే వాళ్లది గెలుపు. చూడ్డానికి ఇంతే, చేతిలోకి తీసుకున్నాకే తెలుస్తుంది ఎంత పనుందో.

ప్రశ్న: అన్నయ్యా, మేం డల్లాస్‌లో ఉంటాం. మా అబ్బాయికి 12 ఏళ్లు, డ్రాగ్ రేసులంటే ప్రాణం. మొదట ఏం కొనాలి? పోయిన సంచికలో ట్రాక్ పొడవు 55 అడుగులని రాశారు, ఆ లెక్క ఎక్కడిది?

లెక్క ముందు చెప్తాను తమ్ముడూ, అది చాలా అందమైన లెక్క. అసలు డ్రాగ్ స్ట్రిప్ పావు మైలు, అంటే 1320 అడుగులు. 1/24 స్కేలులో కారు 24 రెట్లు చిన్నది కాబట్టి ట్రాక్‌నీ 24తో భాగిస్తే సరిగ్గా 55 అడుగులు. 1/32 స్కేలైతే 41 అడుగుల 3 అంగుళాలు. 2008 నుంచి అమెరికాలో డ్రాగ్ రేసులు నడిపే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ సంస్థ తన అతివేగపు తరగతులైన టాప్ ఫ్యూయల్, ఫన్నీ కార్లను 1000 అడుగులకే పరిమితం చేసింది, అయినా స్లాట్ కార్లలో పావు మైలు లెక్కే ఎక్కువ వాడుకలో ఉంది.

ఇక కొనడం. ముందే ఏమీ కొనకండి. దగ్గర్లో స్లాట్ రేస్‌వే ఏదైనా ఉంటే ఒక శనివారం బాబును తీసుకెళ్లి ఊరికే చూడనివ్వండి, అక్కడ ఏ క్లాసులో ఎక్కువమంది ఆడుతున్నారో అడగండి. మొదటి కారుకు 16డి రకం మోటారు చాలు. చవక, తట్టుకుంటుంది, విడిభాగాలు దొరుకుతాయి. పైన బాడీ పారదర్శకమైన లెక్సాన్ ప్లాస్టిక్‌ది తీసుకుంటే దానికి రంగు లోపలి వైపు నుంచి వేయాలి, చిన్న అక్షరాలు, గీతలు ముందు, పెద్ద రంగు చివర, అంటే మామూలుగా మనం వేసే వరసకు తలకిందులు. ఆ పని పూర్తిగా బాబుకే వదిలేయండి. వంకర వచ్చినా ఫర్వాలేదు, తన చేత్తో రంగేసిన కారును పిల్లవాడు ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో మీరే చూస్తారు.

ప్రశ్న: పచ్చలైటు పడగానే నా కారు ముక్కు పైకి లేచి గాడిలోంచి బయటికొచ్చేస్తోంది. పది సార్లలో ఆరు సార్లు ఇదే. విసుగొచ్చేసింది. ఏం చెయ్యాలి? (అట్లాంటా)

నా మొదటి పోటీలో నాకూ ఇదే జరిగింది. ట్రిగ్గర్ మొత్తం నొక్కాను, కారు జానెడు దూరం పోయి ముక్కెత్తి అడ్డం తిరిగి పక్క లేన్‌లో పడింది. ఆ రాత్రి ఇంటికొచ్చి కారును అద్దం పలక మీద పెట్టి, కళ్లు పలక మట్టానికి దించి చూశాను. అప్పుడు కనబడింది అసలు సంగతి. మీరూ అలాగే చూడండి.

మొట్టమొదట గైడ్‌కున్న రాగి బ్రెయిడ్, అంటే కరెంటు అందుకునే అల్లిక పట్టీ, చూడండి. అది ట్రాక్ అల్లికను మెత్తగా తాకాలి, అంతే. కరెంటు బాగా అందాలని చాలామంది దాన్ని కిందికి బాగా వంచుతారు, అప్పుడది స్ప్రింగులా పనిచేసి గైడ్‌నే పైకి తోస్తుంది. నాదీ అదే తప్పు. బ్రెయిడ్ కొసలను గోటితో కొంచెం విప్పి, పల్చగా పరిచి, వేలితో నొక్కితే సులువుగా అణిగేలా ఉంచండి.

తర్వాత వెనకున్న వీలీ బార్. అది సన్నని స్టీలు తీగ, కొసన బుల్లి చక్రాలు. ముందుభాగం లేవబోతుంటే ఈ చక్రాలు నేలకానుకుని ఆపాలి. కానీ కారు ఊరికే నిలబడి ఉన్నప్పుడే అవి నేలను తాకుతుంటే వెనక టైర్ల మీద పడాల్సిన బరువు బార్ మీద పడుతుంది, టైర్లు ఉన్నచోటే తిరుగుతాయి. విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉంచి మొదలుపెట్టండి, తర్వాత మీ కారును బట్టి తగ్గించడమో పెంచడమో.

మూడోది, మోటారు నుంచి గైడ్‌కు వెళ్లే రెండు వైర్లు. అవి బిరుసుగా ఉంటే గైడ్‌ను ఒక పక్కకు మెలితిప్పుతాయి. సన్నని పోగులు చాలా ఉన్న, సిలికాన్ తొడుగున్న మెత్తటి వైరు వాడండి. టంకం పెట్టేటప్పుడు వైరు లోపలికి టంకం పాకిపోతే ఆ భాగం కర్రలా గట్టిపడుతుంది, కాబట్టి చప్పున పెట్టి తీసేయాలి.

ఇవన్నీ సరిచేశాకే సీసం బరువు సంగతి. గైడ్ దగ్గర ఒక్కో గ్రాము పెంచుకుంటూ పోండి, లేవడం ఆగగానే ఆపండి. చాలామంది మొదటే సీసం అతికించేసి కారును బండరాయి చేసుకుంటారు. పిల్లలు సీసం ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడిగించండి, తినే బల్ల మీద ఆ పని పెట్టుకోవద్దు.

ప్రశ్న: చాలా ఖర్చుపెట్టి పవర్‌ఫుల్ మోటారు బిగించాను. టైమ్ మెరుగుపడకపోగా ఇంకా పెరిగింది. మోటారు లోపమా? (ఒహాయో)

మోటారు లోపం కాకపోవచ్చు సార్. మోటారు లోపల తిరిగే ఆర్మేచర్‌కు తక్కువ చుట్లు, లావు తీగ చుడితే మోటారు వేగంగా తిరుగుతుంది, కరెంటు కూడా చాలా ఎక్కువ లాగుతుంది. ఆ కరెంటు మోయలేని సన్న వైర్లు, పాత బ్రెయిడ్, తక్కువ శక్తి మోటారుకు సరిపోయే కంట్రోలర్ అలాగే ఉంచేస్తే బలమంతా దారిలో వేడిగా పోతుంది. ఒక రేసు అవగానే కంట్రోలర్ ముట్టుకుని చూడండి. బాగా కాలుతుంటే అది మార్చాలి.

మోటారుకు కరెంటు అందించే కొత్త బ్రష్‌లు, అవి రాసుకునే గుండ్రటి కమ్యుటేటర్ మీద సరిగ్గా కూర్చోకముందే 12 వోల్టుల మీద పరుగెత్తించినా మోటారు పాడవుతుంది. 3 వోల్టుల దగ్గర కొంతసేపు నెమ్మదిగా తిరగనివ్వండి, బ్రష్ కొసలు కమ్యుటేటర్ వంపుకు తగ్గట్టు అరుగుతాయి.

ఆపైన గేర్లు. 28 మిల్లీమీటర్ల టైరు ఒక చుట్టు తిరిగితే సుమారు 88 మిల్లీమీటర్లు పోతుంది. మోటారు మీది చిన్న గేరు పినియన్‌కు 10 పళ్లు, ఇరుసు మీది పెద్ద గేరు స్పర్‌కు 30 పళ్లు ఉంటే మోటారు ఒక చుట్టుకు కారు 29 మిల్లీమీటర్లు కదులుతుంది, అదే 10కి 40 అయితే 22. మొదటిది పైవేగానికి మంచిది, రెండోది త్వరగా వేగం అందుకోవడానికి. మీ కొత్త మోటారుకు పాత గేర్లే ఉంచారని ఉత్తరంలో రాశారు, నా అనుమానం మొత్తం అక్కడే ఉంది. గేర్లు మార్చినప్పుడు రెండింటి మధ్య సన్న కాగితం ముక్క పెట్టి దగ్గరికి నొక్కి స్క్రూ బిగించి, కాగితం లాగేయండి, కావలసినంత సందు అదే వస్తుంది.

ఒక్కసారికి ఒక్కటే మార్చండి. మార్చిన ప్రతిసారీ ఐదు పరుగులు తీసి నోట్‌బుక్‌లో రాయండి. నేను ఎవరికి ఏ సలహా ఇచ్చినా చివరికి నోట్‌బుక్ దగ్గరికే వస్తాను, ఎందుకంటే గేరూ టైరూ కలిపి మార్చేస్తే లాభం దేనివల్ల వచ్చిందో దేవుడికే తెలియాలి.

ప్రశ్న: టైర్లు జారుతున్నాయి. జిగురు రాయొచ్చా? (టెంపా)

మీ ట్రాక్ నిబంధనలు ఒప్పుకుంటేనే. ముందు టైర్లను శుభ్రం చేసి, సమంగా గుండ్రంగా ఉన్నాయో లేదో చూడండి. చాలాసార్లు అసలు కారణం దుమ్మే.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా పాప కారు కొసకు చేరడానికి 1.20 సెకన్లు పడుతుంది, పక్కవాళ్లవి 0.85లో పోతున్నాయి. రోజూ ఓడిపోయి ఏడుస్తోంది. పెద్ద మోటారు కొనిపెట్టాలా, మాన్పించేయాలా?

రెండూ వద్దమ్మా. మీ పాపను బ్రాకెట్ రేసింగ్‌లో చేర్చండి. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

అందులో ఎవరి కారు ఎంతలో పోతుందో వాళ్లే ముందు చెప్పాలి, దాన్ని డయల్-ఇన్ అంటారు. పాప 1.20 అని, ఎదుటివాళ్లు 0.85 అని చెబితే, పాపకు పచ్చలైటు 0.35 సెకను ముందే వెలుగుతుంది. ఇక చూడాల్సింది రెండే. లైటు చూసి ఎంత త్వరగా కదిలారు, చెప్పిన టైమ్‌కు ఎంత దగ్గరగా పోయారు. పాప 0.045 సెకనులో కదిలి 1.23లో చేరిందనుకోండి, ఆలస్యం మొత్తం 0.075. ఎదుటి కుర్రాడు 0.110లో కదిలి 0.86లో చేరాడు, ఆలస్యం 0.120. కొస దగ్గర పాప కారే 0.045 సెకను ముందుంటుంది, ఆ కుర్రాడి కారు పరుగు పాప కారు కన్నా 0.37 సెకను వేగమైనా సరే.

రెండు జాగ్రత్తలు. పచ్చలైటుకు ముందే కదిలితే ఎర్రలైటు, ఓడినట్టే. చెప్పిన దానికన్నా వేగంగా పోతే బ్రేక్ అవుట్, అదీ ఓటమే; ఇద్దరూ బ్రేక్ అవుట్ అయితే తక్కువ తేడాతో అయినవాళ్లు గెలుస్తారు. అందుకని తన కారు 1.20లో పోతుందని ఆశపడి చెప్పకుండా, నిన్న తీసిన పది పరుగులు చూసి చెప్పడం నేర్పండి.

లైట్ల స్తంభాన్ని క్రిస్మస్ ట్రీ అంటారు, అసలు డ్రాగ్ రేసుల్లోకి 1963లో వచ్చింది. మామూలు పద్ధతిలో మూడు పసుపు లైట్లు అర సెకను తేడాతో ఒకదాని తర్వాత ఒకటి వెలిగి, మరో అర సెకనుకు పచ్చలైటు పడుతుంది. పచ్చ కనబడ్డాక నొక్కుదామనుకుంటే అప్పటికే ఆలస్యం. చివరి పసుపు వెలగ్గానే వేలు కదలాలి. దీనికి ట్రాక్ అక్కర్లేదు, ఇంట్లో సోఫాలో కూర్చుని మీరు చప్పట్లతో తాళం వేస్తుంటే పాప నాలుగో దానికి కాస్త ముందు ఉత్త ట్రిగ్గర్ నొక్కుతూ సాధన చెయ్యొచ్చు. రోజూ పది నిమిషాలు, రెండు వారాలు చేయించి చూడండి. మోటారు ఖర్చు మిగులుతుంది, ఏడుపూ తగ్గుతుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా ఫ్లాట్ హాలు, డైనింగ్ కలిపి పొడవు 27 అడుగులు. ఇంట్లో డ్రాగ్ స్ట్రిప్ కట్టుకోవచ్చా?

నిక్షేపంగా కట్టుకోవచ్చు. 1/32 కార్లతో ఎనిమిదో వంతు మైలు పెట్టుకోండి, 20 అడుగుల ఏడున్నర అంగుళాలు వస్తుంది. మిగిలిన ఆరడుగులు కారు ఆగడానికి కావాలి, కొసన మెత్తటి పాత దుప్పటి మడతపెట్టండి. ఆగే చోటు మర్చిపోయి కట్టినవాళ్ల కార్లు గోడకు గుద్దుకుని మొదటి రోజే ముక్కలవుతాయి.

ఎండీఎఫ్ పలకల్లో కార్పెంటర్ చేత రూటర్ మెషీన్‌తో 3 మిల్లీమీటర్ల వెడల్పు గాడి కోయించండి. పలకలు కలిసే చోట గాడి అంచులను ఎమరీ కాగితంతో నున్నగా రుద్దాలి, అక్కడ వెంట్రుకంత మెట్టున్నా గైడ్ తన్నుకుంటుంది. గాడికి రెండు పక్కలా కరెంటు కోసం అతికించే రాగి టేపు సన్నగా ఉంటుంది కనుక దూరం పోయేకొద్దీ వోల్టేజి పడిపోతుంది. పలకల కిందుగా లావు వైరు లాగి ప్రతి నాలుగైదు అడుగులకు టేపుకు కలపండి.

కరెంటుకు 12 వోల్టుల కారు బ్యాటరీ వాడితే మోటారు ఒక్కసారి లాగినా వోల్టేజి అంతగా కుంగదు, అందుకే డ్రాగ్ స్ట్రిప్‌లలో బ్యాటరీలు వాడతారు. కానీ బ్యాటరీ టెర్మినల్ పక్కనే ఫ్యూజ్ తప్పనిసరి, ఇందులో రాజీ పడొద్దు. గాడి మీద ఇనుప స్కేలు పడినా చాలు, వైర్లు కాలిపోయేంత కరెంటు పారుతుంది. ఛార్జింగ్ గాలి ఆడే చోట పెట్టండి, మూసిన గదిలో వద్దు.

ప్రశ్న: బాబూ, నాకు 70 దాటాయి. 1960ల చివర్లో మా మేనమామ లండన్ నుంచి స్కేలెక్స్‌ట్రిక్ సెట్టు తెచ్చిచ్చారు, అటక మీద ఇంకా ఉంది. మనవడికి చూపించాలని ఉంది. పనిచేస్తుందంటారా? (రాజమండ్రి)

మీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నానండి. ఇంగ్లండ్‌లో ఫ్రెడ్ ఫ్రాన్సిస్ అనే ఆయన ముందు స్కేలెక్స్ అని స్ప్రింగుతో నడిచే రేకు కార్లు చేశారు, వాటికి ఎలక్ట్రిక్ మోటారు పెట్టి 1957లో స్కేలెక్స్‌ట్రిక్ అని తెచ్చారు. అంతకన్నా చాలా ముందే 1912లో అమెరికాలో లయనెల్ కంపెనీ కరెంటు కార్ల సెట్లు అమ్మింది గానీ అవి ఎక్కువ కాలం నిలవలేదు. 1960లలో అమెరికాలో ఊరూరా రేస్‌వేలు వెలిశాయి, ఆ దశాబ్దం చివరికి చాలావరకు మూతపడ్డాయి. అంటే మీ సెట్టు ఆ మంచి రోజులది.

పాత ట్రాన్స్‌ఫార్మర్‌ను మాత్రం ప్లగ్‌లో పెట్టకండి. ఇన్నేళ్లకు వైర్ల తొడుగు పెళుసైపోయి ఉంటుంది. దాన్ని పక్కనపెట్టి, తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత మంచి 12 వోల్టుల డీసీ అడాప్టర్ పెట్టించండి. ట్రాక్ మీది లోహపు పట్టాలను మెత్తటి ఎరేజర్‌తో రుద్దితే నలుపు పోతుంది. కారు కింద బ్రెయిడ్ మార్చాలి, ఇరుసులకు సూది మొనతో ఒక్కో చుక్క కుట్టుమిషను నూనె వేయాలి, ఎక్కువైతే కమ్యుటేటర్ మీదికి పాకి మోటారు మొరాయిస్తుంది. టైర్లు గట్టిపడి పగిలి ఉంటాయి, వాటి గురించి దిగులుపడకండి, పాత కార్లకు సరిపోయే టైర్లు ఇప్పటికీ తయారుచేసి అమ్ముతున్నారు. మొదటి పరుగుకు తిన్నని ముక్కలు మాత్రమే వరసగా కలపండి. ట్రిగ్గర్ మనవడి చేతికివ్వండి, మీరు అవతలి కొసన కూర్చుని కారు పట్టుకోండి. నడిచాక ఉత్తరం రాయండి, ఎదురుచూస్తుంటాను.