ఇంట్లో తూటాలు తిరిగి నింపుకోవచ్చా? మా చిన్నాన్న చేతిని చూసినవాడిగా నా జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీది శ్రీకాకుళం జిల్లా. నాన్నగారి పేరున లైసెన్సున్న 12 బోర్ తుపాకీ ఇంట్లో ఉంది. పేల్చేసిన ఖాళీ తూటాలు ఒక రేకు డబ్బా నిండా దాచుకున్నారు. అమెరికావాళ్లు ఇంట్లోనే తూటాలు తిరిగి నింపుకునే వీడియోలు చూశారు. అందుకు వాడే ప్రెస్ మిషన్ (లివరు లాగి తూటాని నొక్కే యంత్రం) ఆన్‌లైన్లో తెప్పించుకుని హాబీగా మొదలెట్టొచ్చా అన్నది మీ ప్రశ్న.

వద్దు తమ్ముడూ. మీ డబ్బాలాంటి డబ్బాయే మా ఇంట్లోనూ ఉండేది. అందుకే కాస్త పొడవుగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా ఊరు ఉద్దానంలో, మందస వైపు. మా తాతకి పంట కాపలా కోసం సింగిల్ బ్యారెల్ 12 బోర్‌కి లైసెన్సు ఉండేది. జీడిమామిడి, పనస పండే రోజుల్లో ఎలుగుబంట్లు తోటల్లోకి దిగుతాయి, మీకూ తెలిసే ఉంటుంది. వాటిని కాల్చకూడదు, 1972 నుంచీ చట్టం ఉంది. తాత పైకి ఒక్కటి పేల్చి బెదరగొట్టేవాడు, అంతే. తూటాలకి పట్నం వెళ్లాలి, లైసెన్సు పుస్తకంలో రాయించుకోవాలి, లెక్క ప్రకారమే ఇస్తారు. అందుకని ఆయన ఒక్కో తూటానీ బంగారంలా చూసుకునేవాడు. ఖాళీవి కూడా పారేసేవాడు కాదు.

1993 వేసవి. నేను ఏడో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. మా చిన్నాన్నకి అప్పుడు పాతికేళ్లు కూడా లేవు. చేతిపనిలో దిట్ట, రేడియోలూ పంపుసెట్లూ ఊరందరికీ ఆయనే బాగుచేసేవాడు. తాత డబ్బాలోంచి ఖాళీ తూటాలు తీసి, ఎవరో చెప్పినట్టు తనే నింపాడు. ఏం పోశాడో, ఎంత పోశాడో ఇక్కడ రాయను. ఆ రాత్రి తోటలో అలికిడైతే తుపాకీ పట్టుకుని వెళ్లాడు. మొదటి తూటా మామూలుగానే పేలింది. రెండోదాని చప్పుడు వేరేగా వచ్చింది. అరుగు మీద పడుకున్న నాకు కూడా తేడా తెలిసింది.

తుపాకీ మడత దగ్గర విచ్చుకుపోయింది. ఎడమ చేతి చూపుడు వేలు, మధ్య వేలు పోయాయి. కంట్లో ఇత్తడి ముక్క గుచ్చుకుంది. "ఓలమ్మో, నా కొడుకు సెయ్యి ఏటైపోనాదిరో" అని మా నాయనమ్మ అరిచిన అరుపు నాకు ఇప్పటికీ అలాగే వినిపిస్తుంది. జీడిపిక్కల లారీ ఆపి పలాస తీసుకెళ్లారు. అక్కడ కట్టుకట్టి విశాఖ పెద్దాసుపత్రికి పంపారు. చెయ్యి నిలిచింది గానీ ఆ కంటికి చూపు సగమే మిగిలింది. తర్వాత కేసు, తుపాకీ స్వాధీనం, తాత లైసెన్సు రద్దు. వాయిదాలకి తిరగడానికి తాత తోటలో ఒక ముక్క అమ్మాడు. మిగిలిన తోటలో సగం 2018లో తిత్లీ తుపానుకి పడిపోయింది, అది వేరే దుఃఖం.

చిన్నాన్న తెలివితక్కువవాడు కాడు. అదే మీకు గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. పంపుసెట్టులో ఒక తప్పు చేస్తే మోటారు కాలుతుంది, మళ్లీ చుట్టించుకుంటాం. తూటా విషయంలో తప్పు ఎక్కడ జరిగిందో కంటికి కనపడదు, పేలేదాకా తెలియదు. ఎందుకో నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది.

పాతకాలం నల్ల తుపాకి మందు వేరు, ఇప్పటి పొగరాని మందు వేరు. 1884లో ఫ్రాన్సులో పాల్ వియ్యే అనే రసాయన శాస్త్రవేత్త పొగరాని మందు తయారుచేశాక తుపాకుల లోకమే మారిపోయింది. అదే కొలతకి దీని బలం ఆ నల్ల తుపాకి మందుకన్నా చాలా ఎక్కువ. పైగా మూసిన గదిలో ఒత్తిడి పెరిగేకొద్దీ ఇది ఇంకా వేగంగా మండుతుంది, ఆ వేగం మళ్లీ ఒత్తిడిని పెంచుతుంది. అందుకే కొద్దిగా ఎక్కువ పోస్తే ఫలితం కొద్దిగా ఎక్కువ రాదు, ఒక్కసారిగా చెయ్యి దాటిపోతుంది. మామూలు 12 బోర్ తూటాకి అమెరికాలో పెట్టిన గరిష్ఠ ఒత్తిడి 11,500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). మన కారు టైరులో ఉండేది సుమారు 30. ఇంతటి ఒత్తిడిని మొహానికి జానెడు దూరంలో ఆపుతున్నది ఒక ఉక్కు గొట్టం, ఒక పల్చటి ఇత్తడి అడుగు. ఒకసారి పేలిన అట్ట తూటా తేమకి ఉబ్బి ఉంటుంది, మూతి చిరిగి ఉంటుంది. మన సముద్రపు గాలికి ఇత్తడి పచ్చగా పట్టి ఉంటుంది. చూడ్డానికి మాత్రం బాగానే కనిపిస్తుంది.

ఇక మీరు చూసిన వీడియోల సంగతి. నేను ఉద్యోగం మీద ఒహాయోలో నాలుగేళ్లు ఉన్నాను. నాతో పనిచేసే ఆయన ఒకరు ఈ పని ఇష్టంగా చేసేవారు. హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడానికి అక్కడి చట్టంలో మామూలుగా వీల్లేదు. అందుకని గ్యారేజీలో స్టూలు మీద చేతులు కట్టుకు కూర్చుని చూడటమే నా వంతు. కానీ చిన్నాన్న చెయ్యి చూసి పెరిగినవాణ్ని కదా, ప్రతిదీ అడిగి తెలుసుకున్నాను.

ఆయన నింపే రైఫిలు తూటాలో నాలుగు భాగాలు: ఇత్తడి గొట్టం, అడుగున ప్రైమర్ (దెబ్బ తగలగానే నిప్పు పుట్టించి మందుని అంటించేది, మా తాత దాన్ని టోపీ అనేవాడు), మందు, గుండు. పేలాక మిగిలేది ఇత్తడి ఒక్కటే. దాన్ని శుభ్రం చేసి, పాత ప్రైమర్ తీసి, అచ్చులో నొక్కి మళ్లీ కొలతకి తెచ్చి, మిగతా మూడూ కొత్తవి అమర్చడమే వీళ్లు చేసే పని. వీడియోలో లివరు లాగడం మాత్రమే కనిపిస్తుంది. నేను చూసిన మనిషి సమయంలో ఎక్కువ భాగం తనిఖీలకే పోయేది. ఇత్తడి అడుగుకి కాస్త పైన సన్నటి మెరిసే గీత కనపడితే ఆ గొట్టం చెత్తబుట్టలోకే. ఆ గీత దగ్గర లోహం సాగి పల్చబడిందని, ఈసారి అక్కడే తెగుతుందని దానర్థం. మందు తూచే త్రాసు గ్రెయిన్‌లో పదో వంతు పట్టేది. ఒక గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు, మన గురివింద గింజలో దాదాపు సగం. అందులో మళ్లీ పదో వంతు! మందు కంపెనీ అచ్చు వేసిన పట్టికలో తక్కువ కొలతతో మొదలుపెట్టేవారు. బల్ల మీద ఒక్క రకం మందు డబ్బానే ఉండేది, రెండోది కనపడకూడదు. నింపిన గొట్టాలన్నీ చెక్క పలకలో నిలబెట్టి టార్చి వేసి లోపల మందు మట్టం ఒక్కొక్కటీ చూసేవారు. ఒకదానిలో రెండుసార్లు పడితే తుపాకీ పగులుతుంది. అసలు పడకపోతే గుండు గొట్టంలో సగం దూరం వెళ్లి ఇరుక్కుంటుంది, అది గమనించక రెండోది పేలిస్తే అప్పుడూ పగులుతుంది. ఫోను ఇంట్లో పెట్టి వచ్చేవారు. నేను మాట్లాడితే చెయ్యెత్తి ఆపేవారు.

ఆయనకు అందులో దొరికే ఆనందం నిజమైనదే. తన రైఫిలుకి సరిగ్గా కుదిరే తూటా తయారుచేసుకుని, అట్ట మీద గుళ్లన్నీ ఒకే చోట పడితే చిన్నపిల్లాడిలా చూపించేవారు. డబ్బు మాత్రం మిగల్లేదు, చవకగా పడుతోందని ఇంకా ఎక్కువ కాల్చేవారు. సొంత వాడకానికి అక్కడ లైసెన్సు అక్కర్లేదు, అమ్మడానికైతే కావాలి. మందు, ప్రైమర్లు దుకాణంలో దొరుకుతాయి, ప్రతి కొలతకీ అచ్చు పుస్తకం ఉంటుంది. అదంతా ఒక ఏర్పాటు. మిషన్ ఒక్కటి తెప్పించుకుంటే ఆ ఏర్పాటు పలాసకి రాదు. ఇక్కడ సరైన మందు దొరకక మనవాళ్లు దొరికిన మందు పోస్తారు. చిన్నాన్న చేసింది అదే.

చట్టం సంగతి కూడా స్పష్టంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది "లైసెన్సు ఉంది కదా" అనుకుంటారు. మీ నాన్నగారి దగ్గర ఉన్నది తుపాకీ ఉంచుకునే లైసెన్సు. అది 1959 ఆయుధ చట్టంలో 3వ సెక్షన్ కింద వస్తుంది. తయారీకి 5వ సెక్షన్ కింద వేరే లైసెన్సు ఉండాలి. పైగా ఆ చట్టంలో "మందుగుండు" అన్న మాటకిచ్చిన నిర్వచనంలో తూటా భాగాలూ, తూటాలు తయారుచేసే యంత్రాలూ కూడా చేరి ఉన్నాయి. అంటే ఆ ప్రెస్ మిషన్ పార్సిలు ఇంటికి రావడంతోనే చిక్కు మొదలవుతుంది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని తయారీకి శిక్ష ఏడేళ్లకు తగ్గని జైలు, యావజ్జీవం దాకా పోవచ్చు. లైసెన్సు మీ నాన్నగారిది, తుపాకీ ఆయనది. మీరు చేసిన పనికి ముందు స్టేషనుకి వెళ్లాల్సింది ఆయన. మా తాత డెబ్భై ఏళ్ల వయసులో బెంచీ మీద కూర్చోవడం నేను చూశాను.

ఇప్పుడు మీ ఇష్టం గురించి. వీడియోల్లో మిమ్మల్ని పట్టేసింది పేలుడు కాదేమో అనిపిస్తోంది. తూచడం, ఏరడం, వెంట్రుకవాసి తేడా పట్టుకోవడం, చివరికి గురి కుదరడం మిమ్మల్ని లాగుతున్నట్టుంది. అదే అయితే విజయనగరంలో మా ఇంట్లో అది రోజూ జరుగుతోంది, అనుమతి ఉన్న దారిలోనే.

మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ఎన్‌సీసీలో .22 రైఫిలు పేల్చి వచ్చిన రోజు నుంచి గురి మీద పడింది. (ఆ .22 తూటాని తిరిగి నింపడం మామూలుగా కుదరదు కూడా, దాని ప్రైమర్ మందు అంచు మడతలోనే ఉంటుంది. పేల్చాక ఖాళీలన్నీ ఏరి లెక్క అప్పజెప్పించారని వచ్చి చెప్పింది. పట్టాళంలో వాటిని ఖోకాలంటారని, ఒక్కటి తగ్గినా గడ్డిలో వెతికిస్తారని ఎదురింటి మాజీ సైనికుడు చెప్పారు.) తనకి ఎయిర్ రైఫిలు కొన్నాం. .177 బోర్ (గొట్టం రంధ్రం 4.5 మిల్లీమీటర్లు), గుండు బయటికొచ్చే శక్తి 20 జౌల్స్‌కి మించని ఎయిర్ గన్‌కి లైసెన్సు అక్కర్లేదు, గుర్తింపు కాగితాలు చూపించి తీసుకుంటే చాలు. బిల్లు జాగ్రత్తగా ఉంచండి. సిరిమానోత్సవం జాతరలో బుడగలు కొట్టే గన్ మాత్రమే ఎరిగినవాళ్లకి దీని సూటి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 10 మీటర్ల దూరంలో పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు. అందులోనూ నట్టనడుమ తగిలితే 10.9. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదీ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది ఈ ఆటలోనే, 2008లో అభినవ్ బింద్రా స్వర్ణం తెచ్చిందీ ఇందులోనే.

మీకు నచ్చే పని ఇక్కడ ఉంది. మ్యాచ్ పెల్లెట్లు, అంటే పోటీల్లో వాడే ఎయిర్ రైఫిలు గుళ్లు, 500 ఉండే డబ్బాల్లో వస్తాయి. ఒక్కోటి అర గ్రాము పైచిలుకు. తల కొలత 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్లు అని డబ్బా మీద వేసి ఉంటుంది. ఏ గొట్టానికి ఏది కుదురుతుందో పరీక్షించి చూస్తేనే తెలుస్తుంది. ఆదివారాలు మేం తెల్ల పళ్లెంలో పోసుకుని, నడుము వంగినవీ, అంచు నొక్కుకుపోయినవీ ఏరేస్తాం. మిగిలినవి నగల త్రాసులో తూచి బరువు ప్రకారం వేరుచేస్తాం. గన్‌ను బిగించి కదలకుండా పెట్టి ఒక్కో రకం అయిదేసి కొట్టి అట్ట మీద రాస్తాం. ఒక రకం డబ్బాలో గుళ్లన్నీ ఒకే రంధ్రంలో పడ్డ రోజు మా అమ్మాయి అట్ట దాచుకుంది. చిన్నాన్న పండక్కి వస్తే ఆయనే ఏరుతాడు. ఆ చేతికి మిగిలిన మూడు వేళ్ల మధ్య పెల్లెట్టు దొర్లించి, మాకు కనపడని సొట్టని చెబుతాడు. ఆ చేతి నేర్పు ఇంకా ఎక్కడికీ పోలేదు.

ఇది కూడా బొమ్మ కాదు. మూసి ఉన్న చోటే కొట్టాలి, అట్ట వెనక ఇనుప పెట్టె ఉండాలి, ఎవరూ అడ్డం వచ్చే దారి ఉండకూడదు. పెల్లెట్లు సీసంవి కాబట్టి చేతులు సబ్బుతో కడుక్కున్నాకే తిండి. పిట్టల మీద గురిపెట్టడం చట్టవిరుద్ధం, మా ఇంట్లో ఆ మాటే రాదు.

చివరగా మీ డబ్బా. అందులో పేలనివి కలిసి ఉన్నాయేమో నాన్నగారి ఎదురుగా ఆయన చేతే చూపించండి. పాతబడి ఉబ్బినవీ, పచ్చ పట్టినవీ ఉంటే విప్పకండి, ఎండలో పెట్టకండి, మంటలో వెయ్యకండి, నూతిలోనో గోతిలోనో పారెయ్యకండి. లైసెన్సు పుస్తకం తీసుకుని నాన్నగారు స్వయంగా స్టేషనుకి గానీ లైసెన్సున్న ఆయుధాల దుకాణానికి గానీ ముందు కబురుచేసి, ఎలా తేవాలో అడిగి, అప్పగించాలి. ఖాళీలు కూడా వాటితోపాటే ఇచ్చెయ్యండి. ఎన్ని ఇచ్చారో రాయించుకుని రసీదు తీసుకోండి.