లోన్ వసూలు వాళ్లకు భయపడకు, కాగితం మీదకి రప్పించు

అమ్మలూ,

రాత్రి తొమ్మిది దాటాక కూడా లోన్ వాళ్లు ఫోన్లు చేస్తున్నారని, నువ్వు ఫోన్ ఆపేసి పడుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. బాకీ నిజమే, తీర్చాల్సిందే. అంతమాత్రాన దారినపోయే ప్రతివాడూ నిన్ను నోటికొచ్చినట్టు తిట్టడానికి వీల్లేదు.

వసూలు కోసం ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులోనే బ్యాంకులకూ ఫైనాన్స్ కంపెనీలకూ చెప్పింది. బెదిరించడం, నలుగురిలో పరువు తీయడం, చుట్టాలకూ స్నేహితులకూ ఫోన్లు చేసి సతాయించడం కూడా కుదరదు. ఏజెంటు చేసినదానికి మాకు సంబంధం లేదని బ్యాంకు చేతులు దులుపుకోలేదు. అందుకే వచ్చిన ప్రతి కాల్ రికార్డు చేసుకో, తేదీ, టైము ఒక నోట్‌బుక్‌లో రాసుకో.

గాజువాకలో మీ అపార్ట్‌మెంట్‌కి వచ్చి వాచ్‌మన్ ముందు నీ పేరు పెట్టి అరిచినవాడు మళ్లీ వస్తాడు. ఈసారి లోపలికి రానివ్వకు. గేటు దగ్గరే ఆపి, "మీ ఐడీ కార్డు, బ్యాంకు ఇచ్చిన ఆథరైజేషన్ లెటరు చూపించండి" అని అడిగి ఫోటో తీసుకో. అవి లేకపోతే ఇక మాట్లాడే పనే లేదు, గొడవకి దిగితే 112కి ఫోన్ చెయ్. వాడి చేతికి గానీ, వాడి సొంత ఫోన్‌పే నంబరుకి గానీ ఒక్క రూపాయి వెయ్యకు. కట్టేదేదో నేరుగా లోన్ ఖాతాలోకే కట్టి రసీదు దాచుకో.

ఇక ఆ వాట్సాప్‌లో వచ్చిన "అరెస్ట్ వారెంట్" సంగతి. మూడు సింహాల బొమ్మ, ఎర్రటి స్టాంపు ఉన్నాయి సరే, కోర్టు పేరేది, కేసు నంబరేది? పర్సనల్ లోన్ కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం, దానికి పోలీసులు వచ్చి పట్టుకెళ్లరు. నువ్విచ్చిన చెక్కు బౌన్సయితే మాత్రం వేరే సంగతి, నోటీసు అందాక పదిహేను రోజుల్లో డబ్బు కట్టకపోతే చెక్కుల చట్టం (నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్) సెక్షన్ 138 కింద కేసు పెట్టొచ్చు. కాబట్టి నిజంగా నోటీసో సమన్లో వస్తే పక్కన పడేయకు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లు. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. అక్కడి హెల్ప్‌లైన్ 15100.

ముందు బ్యాంకులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టు. జీతం ఎందుకు తగ్గిందో, నెలకి ఎంత కట్టగలవో, ఏజెంటు ఏమన్నాడో అన్నీ రాయి. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయొచ్చు, ఖర్చేమీ ఉండదు, వివరాలకి 14448. కొంత తగ్గించి కట్టించుకుని లోన్ మూసేస్తాం, సెటిల్‌మెంట్ చేసుకుందాం అని వాళ్లంటే వెంటనే ఒప్పేసుకోకు. ముందు లెటరు తీసుకుని తర్వాతే కట్టు. పైగా మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సిబిల్‌లో "సెటిల్డ్" అని పడితే రేపు ఇంటి లోన్‌కి ఇబ్బంది అవుతుంది.

ఆదివారం లోన్ అగ్రిమెంటు, స్టేట్‌మెంట్లు పట్టుకుని రా, మెయిల్ ఇద్దరం కూర్చుని రాద్దాం. అల్లుడికి కూడా అన్నీ చెప్పు, ఒక్కదానివే మోయకు.

మీ మావయ్య