స్క్రాచ్ మీద అప్పుడే తీర్పు చెప్పకు

చిరంజీవి చిన్నాకు,

ఆశీస్సులు. నీ మెసేజ్ చూశాను. బ్లాకులను ఒకదానికొకటి అతికించి ప్రోగ్రాములు చేసే స్క్రాచ్‌ని తెరిచి కాసేపు అటూ ఇటూ తిప్పి చూశావట. "ఇది చిన్నపిల్లల ఆటలా ఉంది అత్తయ్యా, దీంతో నాకు ప్రోగ్రామింగ్ ఏం వస్తుంది?" అని అడిగావు. మొదటిసారి చూసిన పెద్దవాళ్ళు చాలామంది ఈ మాటే అంటారు. ఇంకొందరు అందులోని పిల్లిబొమ్మను నాలుగడుగులు నడిపించి, "ఓస్, ఇంతేనా" అని మూసేస్తారు. ఇన్నేళ్ళుగా ప్రోగ్రాములు రాస్తూ, కొత్తవాళ్ళకు నేర్పుతూ ఉన్నదాన్ని కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. ఈ రెండూ తొందరపడి చెప్పిన తీర్పులే. ఒక చిన్న ఆటను మొదటి నుంచి చివరిదాకా నీ చేతులతో పూర్తిచేసేవరకు ఈ టూల్ గురించి ఏ అభిప్రాయానికీ రావద్దు.

అది పిల్లల కోసం చేసినట్టు కనిపిస్తోందంటే, నిజంగా పిల్లల కోసమే చేశారు కాబట్టి. అమెరికాలో ఎంఐటీ విశ్వవిద్యాలయపు మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెజ్నిక్ బృందం 2007లో దీన్ని విడుదల చేసినప్పుడు 8 నుంచి 16 ఏళ్ళవాళ్ళను దృష్టిలో పెట్టుకుంది. దాని వేళ్ళు ఇంకా వెనక్కి, 1967లో సీమోర్ పాపర్ట్, సింథియా సాలమన్ వాళ్ళు కలిసి తయారుచేసిన లోగో అనే పిల్లల ప్రోగ్రామింగ్ భాషదాకా వెళ్తాయి. కొత్తవాడు లోపలికి రావడానికి భయపడకూడదు, వచ్చాక మాత్రం చాలా దూరం పోగలగాలి అన్నది పాపర్ట్ పట్టుదల. నువ్వు ఆ వాకిలి ఒక్కటే చూసి ఇల్లు ఇంతే అనుకుంటున్నావు.

బ్లాకులు చేసే మేలేమిటో చెబుతాను. టైప్ చేసే భాషతో మొదలుపెట్టినవాళ్ళకు మొదటి రోజులన్నీ బ్రాకెట్లు, కామాలు, స్పెల్లింగులతోనే గడిచిపోతాయి. ఎర్రర్ మెసేజ్ కనిపించగానే టెన్షన్. స్క్రాచ్‌లో ఆ తప్పులకు చోటే లేదు. బ్లాకుల ఆకారాలు ఒకసారి నిదానంగా చూడు. ఆరు మూలలున్న బ్లాకు అవునో కాదో చెబుతుంది. రెండు చివర్లూ గుండ్రంగా ఉన్నది ఒక అంకెనో మాటనో ఇస్తుంది. "ఇలా అయితేనే ఇది చెయ్యి" అనే ఇఫ్ బ్లాకులోని ఆరు మూలల ఖాళీలో గుండ్రటి బ్లాకు పెట్టబోతే అది కూర్చోదు. పైభాగం వంపు తిరిగిన బ్లాకు దగ్గరే స్క్రిప్టు, అంటే అతికించిన బ్లాకుల వరస, మొదలవుతుంది, దాని నెత్తిన ఇంకేదీ అతకదు. రాతలో వచ్చే తప్పుల్ని ఇలా ఆపేశారు. ఆలోచనలో వచ్చే తప్పుల జోలికి మాత్రం పోలేదు, అవన్నీ నీకోసం అలాగే ఉన్నాయి. మా ఉద్యోగాల్లో రోజంతా మేము కుస్తీపట్టేది కూడా వాటితోనే.

ఇప్పుడు చెయ్యాల్సిన పని. పిల్లి బాణం మీటలతో కదలాలి, ఒక ఆపిల్‌ని తాకాలి, తాకినప్పుడల్లా స్కోరు ఒకటి పెరగాలి. అంతే. చూడ్డానికి తేలిగ్గా ఉందా? చెయ్యి, దారిలో మూడుచోట్ల ఆగుతావు. ఆ మూడుచోట్లా కంగారుపడకు.

మొదటిది. ప్రోగ్రామును మొదలుపెట్టే పచ్చజెండా నొక్కితే పిల్లి నడుస్తుంది. మళ్ళీ నొక్కితే మొదటి చోటికి రాదు, ఆగినచోటి నుంచే బయల్దేరుతుంది. స్క్రాచ్ ఇలాంటివాటిని తనంతట తాను మొదటికి తీసుకురాదు. చోటు, దిశ, సైజు, స్కోరు అన్నీ క్రితంసారి ఎలా వదిలేశావో అలాగే ఉంటాయి. అందుకని పచ్చజెండా బ్లాకు కింద ముందుగా పిల్లిని ఎక్స్ 0, వై 0 దగ్గరికి పంపు, స్కోరును 0 చెయ్యి. పిల్లి తిరిగే తెర, అంటే స్టేజీ, వెడల్పు 480, ఎత్తు 360, సున్నాలు రెండూ సరిగ్గా మధ్యలో ఉంటాయి కాబట్టి కుడి అంచు 240, ఎడమ అంచు మైనస్ 240. పని మొదలుపెట్టేముందు అన్నిటినీ తెలిసిన స్థితికి తేవడం ఇక్కడే అలవాటైతే, రేపు ఏ భాషలో రాసినా నిన్ను కాపాడుతుంది.

రెండోది మీటల దగ్గర. "వెన్ రైట్ యారో కీ ప్రెస్డ్" బ్లాకు పెట్టి మీట నొక్కి పట్టుకో. పిల్లి ఒకసారి కదిలి, క్షణం ఆగి, తర్వాత వరసగా కదులుతుంది. కంప్యూటర్‌లో ఏ అక్షరం మీటైనా నొక్కి పట్టుకుంటే జరిగేది అదే. ఆ కుదుపు పోవాలంటే పచ్చజెండా కింద, లోపలున్నదాన్ని ఆగకుండా తిప్పే ఫరెవర్ పెట్టి, దాని లోపల ఇఫ్ పెట్టి, "కీ రైట్ యారో ప్రెస్డ్?" అని నువ్వే అడుగుతూ ఉండాలి. ఏదో జరిగినప్పుడు కబురు అందుకోవడం ఒక పద్ధతి, మనమే పదేపదే వెళ్ళి చూసుకోవడం ఇంకో పద్ధతి. ఈ తేడాను పుస్తకంలో చదివితే నిద్రొస్తుంది, పిల్లి నడకలో చూస్తే మరిచిపోవు. ఆ ఫరెవర్‌ని తీసేసి ఉత్త ఇఫ్ ఉంచి కూడా చూడు. జెండా నొక్కిన ఆ క్షణంలో ఒక్కసారి అడిగి ఊరుకుంటుంది, ఆ తర్వాత నువ్వు మీట ఎంత నొక్కినా పట్టించుకోదు.

మూడోది నాకు బాగా ఇష్టమైనది. ఆపిల్‌కి రాసే స్క్రిప్టులో ఫరెవర్ లోపల "పిల్లి తాకితే స్కోరు 1 పెంచు" అని పెడతావు. పిల్లి ఆపిల్ దగ్గరికి వస్తుంది, స్కోరు 1 కావాల్సింది చూస్తుండగానే 20, 25 దాటిపోతుంది. స్క్రాచ్ చెడిపోయిందనుకుంటావు. చెడిపోలేదు. ఆ ఫరెవర్ సెకనుకు దాదాపు 30 సార్లు తిరుగుతోంది, పిల్లి ఆపిల్ మీద ఉన్నంతసేపూ ప్రతిసారీ జవాబు అవుననే వస్తోంది. స్కోరు పెంచిన వెంటనే ఆపిల్‌ని "గో టు ర్యాండమ్ పొజిషన్" బ్లాకుతో వేరేచోటికి పంపితే సర్దుకుంటుంది. నేను చెప్పాను కదా అని ముందే ఆ బ్లాకు పెట్టెయ్యకు. స్కోరు పరుగెత్తడం ఒకసారి కళ్ళారా చూసి, ఎందుకో నీకు నువ్వే చెప్పుకుని, ఆ తర్వాత పెట్టు.

పిల్లి అంచును తగిలి తిరిగొచ్చేటప్పుడు తలకిందులైతే రొటేషన్ స్టైల్‌ని లెఫ్ట్-రైట్‌కి మార్చు. అది చిన్న సంగతి.

ఏది పనిచెయ్యకపోయినా మొత్తం పీకేసి మళ్ళీ మొదలుపెట్టొద్దు. స్క్రిప్టులోంచి అనుమానం ఉన్న ముక్కను పక్కకు లాగి దానిమీద ఒక్క క్లిక్ చెయ్యి, ఆ ముక్క ఒక్కటే నడుస్తుంది. గుండ్రటి బ్లాకును నొక్కితే ఆ క్షణానికి దాని విలువ చూపిస్తుంది. వేరియబుల్, అంటే స్కోరులాంటి మారే విలువ, పక్కనున్న గడిలో టిక్ పెడితే స్టేజీ మీద అది మారుతుండడం కనిపిస్తుంది. ఇంత సులువుగా ప్రోగ్రాము లోపలికి తొంగిచూడనిచ్చే టూళ్ళు పెద్దవాళ్ళ ప్రపంచంలో కూడా తక్కువే. ఇంకొకళ్ళ ప్రాజెక్టు నచ్చితే "సీ ఇన్‌సైడ్" నొక్కి చదువు, రీమిక్స్ చేసి మార్చు. వీడియోలు గంటలకొద్దీ చూడ్డం కన్నా అది వెయ్యిరెట్లు మేలు.

మరి ఎప్పుడు వదిలెయ్యాలి? బోర్ కొట్టిందని వదలకు, గోడ తగిలినప్పుడు వదులు. "మై బ్లాక్స్"లో నువ్వు సొంతంగా చేసుకున్న బ్లాకు లెక్క చేసి జవాబును తిరిగి ఇవ్వలేదు. లిస్టులో ఇంకో లిస్టు పెట్టుకోలేవు. బొమ్మల నకళ్ళు, అంటే క్లోన్లు, 300 దాటవు. ఇలాంటివి నిజంగా అడ్డొచ్చిన రోజున నువ్వు ఎదిగినట్టే లెక్క. బ్లాకులతోనే ఇంకా ముందుకు పోవాలంటే బర్క్‌లీ విశ్వవిద్యాలయంవాళ్ళు చేసిన స్నాప్ ఉంది, అందులో ఆ మొదటి రెండూ చెయ్యొచ్చు. ఫోన్‌లో నడిచే యాప్ చెయ్యాలనుంటే యాప్ ఇన్వెంటర్ చూడు. టైప్ చేసే భాష పైథాన్‌కి వెళ్ళినా నాకు సంతోషమే. అక్కడ ఫరెవర్‌లాంటి లూప్ ఏమిటో, వేరియబుల్ ఏమిటో నేర్చుకోనక్కర్లేదు, వాటిని ఎలా రాయాలో చూసుకుంటే చాలు. ఒక్కటి గుర్తుంచుకో, స్క్రాచ్ లిస్టులో లెక్క 1 నుంచి మొదలవుతుంది, పైథాన్‌లో 0 నుంచి.

ముందు ఆపిల్ ఆట పూర్తిచెయ్యి. అది అయ్యాక 30 సెకన్లకు ఆట ఆగిపోయేలా టైమర్ కూడా పెట్టు. షేర్ చేసి లింకు పంపితే లోపల బ్లాకులు చూసి, ఎక్కడ ఏం మార్చొచ్చో రాస్తాను. మధ్యలో ఎక్కడైనా ఆగిపోతే ఆ ఒక్క స్క్రిప్టు స్క్రీన్‌షాట్ తీసి పెట్టు. దానికింద ఏం జరుగుతుందనుకున్నావో, తీరా ఏం జరిగిందో రెండు ముక్కలు రాయి.

అత్తయ్య